ఎనిమిదింటి ప్రార్థన

మా అమ్మ మనుషులతో తక్కువగా, దేవుడితో ఎక్కువగా మాట్లాడే మనిషి. ఏసుమణి టీచరంటే బోగోలులో అంగన్‌వాడీకి వచ్చే ప్రతి పిల్లకూ తెలుసు. ఆ పిల్లల తల్లుల్లో సగం మంది మాత్రం ఆమె గొంతు సరిగ్గా విని ఉండరు. ఎవరేమన్నా నవ్వి ఊరుకుంటుంది. కడుపులో ఉన్నదంతా రాత్రి ఎనిమిదింటికి చాప మీద మోకరించి, కళ్ళు మూసుకుని దేవుడి ముందు పెడుతుంది.

అందుకే మా ఇంట్లో అసలు సంగతులన్నీ కుటుంబ ప్రార్థనలోనే బయటపడేవి. తిట్లు కూడా అక్కడే పడేవి. ఇంటర్లో ఉండగా ఒకసారి చెప్పుల కోసం అలిగి రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. అమ్మ పల్లెత్తు మాట అనలేదు. మూడో రోజు ప్రార్థనలో, ఈ అబిగయీలుకు అలక ఎక్కువ ప్రభువా, అది వాళ్ళ నాయన నుంచి వచ్చింది, నువ్వే తగ్గించు అని చెప్పింది. కళ్ళు మూసుకున్న మనిషితో ఎలా పోట్లాడతాం? ప్రార్థన మధ్యలో నోరెత్తకూడదని చిన్నప్పటి నుంచీ నేర్పి పెట్టారాయె. మా అన్న ఆండ్రూ పక్క నుంచి మోచేత్తో పొడిచి నవ్వాడు. ఆ నవ్వు పూర్తవకముందే వాడి వంతు వచ్చింది. బైకు మీద జువ్వలదిన్నె రేవు దాకా వాడు ఎవరెవరితో తిరుగుతున్నాడో అమ్మ పేర్లతో సహా దేవుడికి అప్పజెప్పింది.

నాన్న పోయినప్పుడూ అంతే. నేను అప్పుడు పదో తరగతి. సమాధి అయ్యాక ఇంట్లో జరిగిన ఆదరణ కూడికకు వచ్చిన వాళ్ళంతా ఏసుమణి ఎంత గుండె నిబ్బరం గల మనిషో అనుకుంటూ పోయారు. వాళ్ళు పోయాక, మేము ముగ్గురమే మిగిలాక, మంచంలో ఆ పక్క ఖాళీగా ఉంటే నిద్ర పట్టడం లేదు తండ్రీ అని ప్రార్థనలో చెప్పింది. నాతోగానీ అన్నతోగానీ ఆ మాట ఎన్నడూ అనలేదు.

ఇవన్నీ నాకు తెలుసు. తెలియకపోయి ఉంటే నేను చేసింది అంత పెద్ద తప్పు అయ్యేది కాదు.

నాకు ఫ్రాన్సులో నాంత్ అనే ఊళ్ళో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఆహార పదార్థాల నాణ్యత మీద చదువు. స్కాలర్‌షిప్పు కూడా వచ్చింది కాబట్టి అమ్మ వద్దనలేదు. ఒకటే షరతు పెట్టింది, అదీ దేవుడి ద్వారానే: ఈ బిడ్డ ఏ దేశంలో ఉన్నా ఎనిమిదింటికి మాతో కలిసి నీ సన్నిధిలో ఉండేటట్టు చూడు తండ్రీ. కళ్ళు తెరిచేసరికి వాట్సాప్‌లో గ్రూపు కాల్ ఎలా చేయాలో నన్నడిగి నేర్చుకుంది. అప్పటి నుంచి బోగోలులో అమ్మా పుష్పకుమారి పిన్నీ, తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే అన్న, నాంత్ నుంచి నేను, నలుగురం ఒక ప్రార్థనలో ఉండేవాళ్ళం. పిన్ని అమ్మకు చెల్లెలు. బాబాయి పోయాక కుట్టు మిషను పట్టుకుని మా ఇంటికే వచ్చేసింది.

ఆ దేశం గురించి అందరూ అడిగే మంచు, కోటలు, సెంట్లు నాకు పెద్దగా తెలియవు. నాకు తెలిసింది హాస్టల్లో తొమ్మిది అడుగుల గది, సైకిళ్ళ స్టాండు వైపు కిటికీ, పన్నెండు మందికి కలిపి నాలుగు పొయ్యిలున్న వంటగది. వెళ్ళిన కొత్తలో ఒక ఆదివారం ఆ వంటగదిలో ఎండు నెత్తళ్ళు వేయించాను. ఆ వాసనకు వరసగా మూడు కిటికీలు తెరుచుకున్నాయి. మర్నాడు ఫ్రిజ్జు మీద ఒక చీటీ అంటించి ఉంది. అది కూడా నమస్కారంతోనే మొదలైంది. అక్కడ తిట్టాలన్నా ముందు బొంజూర్ చెప్పి తిట్టాలి. రొట్టెల షాపులో నేను బొంజూర్ మర్చిపోయి రొట్టె అడిగితే, ఆ ముసలామె రొట్టె చేత్తో పట్టుకుని నా నోట ఆ మాట వచ్చేదాకా నిలబడింది. బస్సెక్కితే డ్రైవరుకు చెప్పాలి, దిగేటప్పుడు థాంక్స్ చెప్పాలి. ఇన్ని పలకరింపులున్న ఊళ్ళో రోజంతా నాతో ఎవరూ మాట్లాడని రోజులు చాలా ఉండేవి.

క్లాసులో మేష్టర్లు నీళ్ళు తాగినట్టు మాట్లాడేసేవారు. నేను రాసుకున్న నోట్సులో సగం ఖాళీలే. మధ్యాహ్నం క్యాంటీన్లో ఉడికించిన శనగలు, తురిమిన క్యారెట్లు తిని, ఆ ఖాళీలు పూరించుకోవడానికి లైబ్రరీకి పోయేదాన్ని. చలికాలం వచ్చాక పొద్దున క్లాసుకు పోతుంటే చీకటే, సాయంత్రం తిరిగొస్తుంటే చీకటే. ఈ పగలు కాస్తా ఎవరెత్తుకుపోతున్నారా అనిపించేది.

మనకు రాత్రి ఎనిమిదంటే అక్కడ చలికాలంలో మధ్యాహ్నం మూడున్నర. అంటే సరిగ్గా ల్యాబు మధ్యలో. మొదట్లో ఏదో ఒకటి చెప్పి బయటికొచ్చి, కాఫీ మిషను పక్కన కళ్ళు మూసుకుని నిలబడేదాన్ని. ఒకసారి మా మేడమ్ అటుగా వచ్చి, కళ్ళు తిరుగుతున్నాయా అని భుజం పట్టుకుంది. సిగ్గేసింది. ఆ తర్వాత ల్యాబులోనే ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని వినడం మొదలుపెట్టాను. గాజు గ్లాసుల చప్పుడు అమ్మకు వినబడకుండా మైకు ఆపేసేదాన్ని. డిసెంబరు వచ్చేసరికి ఇయర్‌ఫోను కూడా తీసేశాను.

అమ్మ ప్రార్థనకు ఒక వరస ఉంటుంది. ముందు దేశాన్ని ఏలేవాళ్ళు, తర్వాత సంఘం, పాస్టరు గారు, అంగన్‌వాడీ పిల్లల్లో బరువు తక్కువున్న వాళ్ళు పేరుపేరునా, తర్వాత పిన్ని మోకాళ్ళు, అన్న షిఫ్టులు, చివర నేను. మొత్తం పదహారు నిమిషాలు. పద్నాలుగో నిమిషంలో ఇయర్‌ఫోను పెట్టుకుంటే చాలు, నా చదువు గురించి ఒక ముక్క విని, మైకు తెరిచి, అందరితో పాటు ఆమేన్ అనేసేదాన్ని. తర్వాత ఒక నిమిషం మామూలు మాటలు. తిన్నావా, తిన్నాను. చలిగా ఉందా, ఉంది. అమ్మ ఫోను పెట్టేసేది. మార్చిలో అక్కడ గడియారాలు గంట ముందుకు తిప్పాక ప్రార్థన నాలుగున్నరకు మారి, నేను ట్రామ్‌లో ఉండే వేళకు వచ్చింది. అప్పుడు హాయిగా వినొచ్చు. అయినా వినలేదు. అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే విసుగు పుట్టింది. అంతమంది పిల్లల బరువులు నేనెందుకు వినాలి అనుకున్నాను.

మే నెలాఖరున, చివరి పరీక్ష రాసి వచ్చిన రోజు అన్న ఫోన్ చేశాడు. అమ్మ అంగన్‌వాడీలో కింద కూర్చుని మళ్ళీ లేవలేకపోయిందట. నెల్లూరులో చూపించి, అక్కడి నుంచి చెన్నై తీసుకుపోయాడు. రొమ్ములో గడ్డ. అది వెన్నెముకలోకి పాకింది. ఇప్పుడు ఆపరేషన్ చేసి లాభం లేదు, నొప్పి తగ్గడానికి మందులిస్తాం అన్నారు. ఎంతకాలం అని నేనడిగితే, ముందు నువ్వు టికెట్టు చూసుకో అన్నాడు అన్న. అమ్మకు నలభై ఎనిమిదేళ్ళు.

జూన్లో ఒక కంపెనీలో శిక్షణకు చేరాల్సి ఉంది. వాళ్ళకు ఒక ఉత్తరం రాసి నాలుగో రోజుకు విమానం ఎక్కాను. దారి పొడవునా ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. గడ్డ ఒక్కరోజులో రాదు కదా, ఎముకల దాకా పాకిందంటే నెలల సంగతి కదా, అందరూ కలిసి నా దగ్గర దాచారు. ఇంటికి పోగానే ఏమని అడగాలో మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. చెన్నైలో నన్ను తీసుకుపోవడానికి వచ్చిన అన్న మీదే ముందు విరుచుకుపడ్డాను. తనకూ మే నెలలోనే తెలిసిందని, పిన్నికి మాత్రం ముందే తెలుసని, అడిగేదేదో ఆమెను అడగమని చెప్పి, బోగోలు చేరేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ మంచం మీద రెండు దిండ్లకు ఆనుకుని ఉంది. రవిక భుజాల మీద నిలవడం లేదు. నన్ను చూసి చెయ్యి చాపి, అన్నం తిన్నావా అని అడిగింది. పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో, ఆ చేతిని మొహానికి ఆనించుకుని ఏడ్చాను. పిన్ని అన్నం వడ్డించింది, రొయ్యల ఇగురు వేసింది, మంచినీళ్ళు పెట్టింది. నా మొహం వంక మాత్రం చూడలేదు. నేను పలకరిస్తే వినబడనట్టు లోపలికి పోయింది. తప్పు చేసింది కాబట్టి మొహం చెల్లడం లేదేమో అనుకున్నాను.

మర్నాడు పొద్దున పిన్ని పెరట్లో బట్టలు ఉతుకుతుంటే ఎదురుగా పోయి నిలబడ్డాను. తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదని అడిగాను. పిన్ని చేతిలో ఉన్న అమ్మ లంగా బండ మీద పెట్టి, నడుం పట్టుకుని లేచింది.

"నీకు చెప్పలేదా? మీయమ్మ నీకే గదా ముందు చెప్పింది. నేను పక్కనే ఉండా."

నాకు అర్థం కాలేదు. ఎప్పుడు చెప్పిందని అడిగాను.

ఫిబ్రవరిలో, అంది. ఇద్దరూ కలిసి నెల్లూరు డాక్టరమ్మ దగ్గరికి పోయారట. పదిహేను రోజుల్లో ఆపరేషన్ చేయించుకోమని ఆమె తేదీ కూడా రాసిచ్చింది. చేయించుకుందామని పిన్ని, పాప చదువు మధ్యలో ఉంది ఆగుదామని అమ్మ. ఆండ్రూకు చెప్తానని పిన్ని బెదిరిస్తే, అయితే అబిగయీలుకే చెప్తాను, అదేమంటే అది అని అమ్మ ఒప్పుకుందట. ఆ వారం అన్నకు రెండో షిఫ్టు, ప్రార్థనలో లేడు. ఆ రాత్రి అమ్మ ఎప్పటిలా దేశాన్ని ఏలేవాళ్ళతో మొదలుపెట్టలేదు. గడ్డ సంగతి, డాక్టరమ్మ ఇచ్చిన తేదీ అంతా మొదట్లోనే చెప్పింది. జూన్ దాకా ఆగుతాను తండ్రీ, నీ చిత్తమైతే, నా బిడ్డకు సమ్మతమైతే, అని చెప్పి, అప్పుడు సంఘం గురించి మొదలుపెట్టింది.

"చివర్న నువ్వు ఆమేన్ అన్నావు," అంది పిన్ని. "గట్టిగానే అన్నావు. ఫోను పెట్టేసినాక, చూసినావా పుష్పా, పాప ఒప్పుకునింది అనింది మీయమ్మ. నేనింకేం మాట్లాడేది?"

పిన్ని ఆగలేదు. నాలుగు నెలలుగా దాచుకున్నదంతా ఆమెకూ బయటికి రావాలి.

"దినామూ చూసినా, ఇయ్యాల అడగతావేమో, రేపు అడగతావేమోనని. చలిగా ఉండాదని చెప్పినావు, పరీచ్చలని చెప్పినావు. ఎట్టుండాదమ్మా నీ గడ్డ అని ఒక్కనాడు అడగలా. కన్నబిడ్డ ఇట్టా ఉంటాదా అనుకున్నా."

వినలేదు పిన్నీ అనబోయాను. వినలేదంటే ఎందుకు వినలేదో చెప్పాలి. పిన్ని మళ్ళీ కూర్చుని లంగా ఉతకడం మొదలుపెట్టింది.

ఆ రెండు రోజులు నేను ఇంట్లో దొంగలా తిరిగాను. అమ్మకు నిజం చెబితే, తన బిడ్డ ఇన్ని నెలలూ ఒక్క ప్రార్థనా వినలేదని తెలుస్తుంది. ఆమెకు లోకంలో ఉన్న ఒకే ఒక్క మాటల చోటును నేను ఇయర్‌ఫోనుతో పాటు జేబులో వేసుకుని తిరిగానని తెలుస్తుంది. చెప్పకపోతే, తనకు జబ్బని విని కూడా ఆగమని చెప్పి, ఆ తర్వాత ఒక్కసారైనా ఎలా ఉందని అడగని కూతురిగా ఆమె కళ్ళల్లో మిగిలిపోతాను. ఏది తక్కువ పాపమో నాకు తేలలేదు. పదిహేను రోజుల్లో చేయించుకుని ఉంటే బతికేదా అన్న ప్రశ్న ఇంకొకటి ఉంది. దాని దగ్గరికి పోవడానికి ధైర్యం లేదు.

రాత్రి ప్రార్థనకు అందరం మంచం చుట్టూ కూర్చునేవాళ్ళం. అమ్మ పడుకునే చేసేది, గొంతు సన్నబడింది. ఒక్క మాట వదలకుండా విన్నాను. పిల్లల బరువులు, పిన్ని మోకాళ్ళు, నా శిక్షణ చోటు నా కోసం ఆగి ఉండాలని. తన గురించి ఏమీ అడగలేదు.

మూడో రోజు అన్న తడకు పోయాడు. పిన్ని మందుల కోసం కావలి పోయింది. మధ్యాహ్నం అమ్మకు వేడినీళ్ళతో ఒళ్ళు తుడిచి, చీర మార్చి, తల దువ్వడానికి మంచం తలవైపు కూర్చున్నాను. నా మొహం ఆమెకు కనబడదు. చెప్పడానికి అదే సులువు అనిపించింది.

"అమ్మా, ఆ రోజు నేను వినలేదు. ఇయర్‌ఫోను తీసేసి ఉన్నాను. చివర్లో పెట్టుకుని ఆమేన్ అన్నాను. ఆ ఒక్క రోజే కాదు, రోజూ అంతే."

దువ్వెన ఆపేశాను.

"తెలుసు," అంది అమ్మ.

ఎలా తెలుసో నాకు ఊహకు అందలేదు. అమ్మ మెల్లగా చెప్పింది.

"నీ పేరు పక్కన మైకు బొమ్మ మీద గీత పడతాది గదా. పిల్లోళ్ళ బరువులన్నీ నేను ఫోన్లోనే ఎక్కిస్తా ఉన్నా ఇన్నేళ్ళూ. ఆ మాత్రం తెలీదా నాకు? గీత పడినాక నేను చెప్పిందేదీ నువ్వు తర్వాత ఒక్కనాడూ ఎత్తలా. గీత చెరిపేసి నువ్వు ఆమేన్ అనేదాకా వినేది దేవుడూ పుష్పే."

"మరి నాకు చెప్తానని..."

"పుష్ప నోరు మూయించాల. గీత ఉండాదని చూసుకునే చెప్పినా. నువ్వు వింటా ఉంటే చెప్పుండేదాన్ని కాదు."

నేను మంచం దిగి ఎదురుగా వచ్చాను. ఇన్ని రోజులూ నా మీద నాకున్న కోపమంతా ఒక్కసారిగా ఆమె మీదికి తిరిగింది. జబ్బు మనిషని కూడా చూడలేదు. నా ఆమేన్‌ను అడ్డం పెట్టుకున్నావా అన్నాను. పిన్ని నన్ను ఎలా చూస్తోందో తెలుసా అన్నాను. ఒక్క మాట, ఒకే ఒక్క మాట నేరుగా నాతో అని ఉంటే ఆ రాత్రికే బయలుదేరి వచ్చేదాన్ని కదా అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. అమ్మ అన్నీ విన్నది.

"తప్పే చేసినా," అంది. "నువ్వు వచ్చేస్తావని తెలుసు. నువ్వు రావాలనీ ఉండింది, రాగూడదనీ ఉండింది. ఎవురికి చెప్పుకోవాల్నో తెలీలా."

ఆ మాటకు నా కోపం నిలబడలేదు. ఎదురుగా ఉన్నది నాలుగు నెలలు ఆ గడ్డను రవిక కింద మోస్తూ, పిల్లల్ని ఎత్తి త్రాసులో కూర్చోబెట్టి, వాళ్ళ బరువులు రాసుకున్న మనిషి. ఆమె నన్ను మోసం చేసింది, నేను ఆమెను మోసం చేశాను. ఇద్దరం ఒకరికొకరం బాగానే ఉన్నామని రోజూ చెప్పుకున్నాం. ఇంక లెక్క తేల్చడానికి మాకు ఎన్ని రోజులున్నాయో డాక్టర్లు కూడా చెప్పలేదు.

మంచం పట్టీ మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎవరూ ఆమెను అడగని మాట, ఫిబ్రవరిలో నేను అడగాల్సిన మాట అడిగాను.

"భయంగా ఉందా అమ్మా?"

అమ్మ ముందుగా కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. తండ్రీ అన్న మాట సగం వినబడింది.

"ఆయనకు తర్వాత చెబుదువుగానీ," అన్నాను. "నాకు చెప్పు. నన్ను చూసి చెప్పు."

ఆమెకది చేతకాలేదు. కాసేపు కిటికీ వైపు చూసింది, గోడ వైపు చూసింది. చివరికి నా మొహంలోకి చూసింది. నా ఇరవై నాలుగేళ్ళలో మా అమ్మ కళ్ళు తెరుచుకుని తన బాధ ఒక మనిషికి చెప్పడం అదే మొదటిసారి.

"ఉండాది పాపా," అంది. "చచ్చిపోవాలంటే నాకు చానా భయంగా ఉండాది."